100 టన్నుల రాయి, 56 టన్నుల సున్నం: రసాయన ఫార్ములా లోపలి లెక్క

పల్నాడులో పిడుగురాళ్ల పేరు చెబితే సున్నం బట్టీలు గుర్తొస్తాయి. బట్టీలో వేసిన సున్నపురాయిని, దిగిన సున్నాన్ని తూకం వేసి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మలినాలు లేని రాయి 100 టన్నులు వేసి పూర్తిగా కాలిస్తే చేతికొచ్చేది 56 టన్నులే. మిగతా 44 టన్నులను ఎవరూ ఎత్తుకుపోలేదు, బూడిదై కింద రాలనూ లేదు. కంటికి కనపడకుండా గాలిలోకి పోయాయి. ఈ 56, 44 అంకెలు పట్టుకోవడానికి బట్టీ దాకా వెళ్లక్కర్లేదు, వేబ్రిడ్జి అక్కర్లేదు. సున్నపురాయి ఫార్ములా సీఏసీఓ₃లో ఉన్న నాలుగు అక్షరాలను, ఒక అంకెను చదవడం వస్తే చాలు.

స్కూల్లో ఇదే ఫార్ములా ఇంకో రకం బట్టీలో పడుతుంది. కాల్షియం కార్బొనేట్ అనగానే పిల్లలు 'సీఏసీఓత్రీ' అని ఠక్కున చెప్పేస్తారు. ఆ త్రీ ఎవరిది, మూడే ఎందుకు, నాలుగు ఎందుకు కాకూడదు అని అడిగితే క్లాసంతా నిశ్శబ్దం. పిల్లల్ని అని లాభం లేదు. ఆంధ్రప్రదేశ్‌ని ఏపీ అన్నట్టు, ఫార్ములాని పొడుగు పేరుకి పొట్టి పేరుగా నేర్పుతున్నాం. చూడాల్సిన తీరు వేరే ఉంది. కిరాణా కొట్టుకి పట్టుకెళ్లే చీటీలో సరుకు పేరు, పక్కన ఎన్ని ప్యాకెట్లో రాసి ఉంటుంది కదా, ఫార్ములా కూడా అలాంటి చీటీయే. సీఏ అంటే కాల్షియం, ఒకటి. సీ అంటే కార్బన్, ఒకటి. ఓ అంటే ఆక్సిజన్, మూడు. ఒకటి ఉన్నప్పుడు అంకె వేయరు. కింద వేసే చిన్న అంకె ఎప్పుడూ తన ఎడమ పక్కన ఉన్నదానికే చెందుతుంది.

ఇక్కడ తెలుగు మనకు ఒక మేలు చేస్తుంది. లెక్కపెట్టేవాటిని 'ఎన్ని' అంటాం, కొలిచేవాటిని 'ఎంత' అంటాం. ఫార్ములా చెప్పేది ఎన్ని అన్నది మాత్రమే. ఎంత అన్నది కావాలంటే ఒక్కో పరమాణువు బరువు తెలియాలి. హైడ్రోజన్ పరమాణువును 1 అనుకుంటే కార్బన్ సుమారు 12, ఆక్సిజన్ 16, కాల్షియం 40. నీళ్లలో, అంటే హెచ్₂ఓలో, మూడు పరమాణువులుంటే అందులో రెండు హైడ్రోజన్‌వే. బరువులో మాత్రం 18 వంతుల్లో 2 వంతులే దానివి. లెక్కలో మెజారిటీ, కాటా మీద తొమ్మిదో వంతు. ఎన్నికీ ఎంతకీ మధ్య ఉన్న ఈ తేడా మనసులో పడకపోతే తర్వాత మోల్ (ఎన్నిని ఎంతతో ముడిపెట్టే కొలత) అన్న పాఠం వచ్చినప్పుడు టెన్షన్ తప్పదు.

ఇక సున్నం లెక్క. సీఏసీఓ₃ బరువు 40, 12, మూడు పదహార్లు 48, మొత్తం 100. దాదాపు 900 డిగ్రీల వేడిలో ఇది రెండుగా చీలుతుంది. కార్బన్, దాన్ని పట్టుకుని రెండు ఆక్సిజన్లు సీఓ₂గా బయటికి పోతాయి. 12, 32 కలిపి 44. వెనక మిగిలేది సీఏఓ, అంటే కాల్చిన సున్నం, 56. బట్టీ దగ్గర కనిపించకుండా పోయిన 44 టన్నులు ఇవే.

కథ అక్కడితో ఆగదు. కాల్చిన సున్నం గడ్డల్ని తొట్టిలో వేసి నీళ్లు పోస్తే బుసబుసమని పొంగుతుంది, ఆవిర్లు లేస్తాయి, గడ్డలు పగిలి పిండైపోతాయి. 56కి 18 నీళ్లు కలిసి 74 అయింది. దాని ఫార్ములా సీఏ(ఓహెచ్)₂, అదే తడిసున్నం. దాన్ని గోడకి వేస్తారు. వేసిన కొత్తలో రాసుకుంటే చొక్కాకి అంటుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ గాలిలోని సీఓ₂ని లాక్కుని, నీటిని వదిలేసి గట్టిపడుతుంది. 74కి 44 కలిపి 18 తీసేస్తే 100. అంటే మళ్లీ సీఏసీఓ₃. బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గోడ మీద తిరిగి సంపాదించుకుని సున్నం మళ్లీ సున్నపురాయి అయిపోయింది. వెల్లవేసిన గోడని తడిమితే చేతికి తగిలేది పలచటి రాతి పొరే.

బ్రాకెట్ సంగతి కూడా ఈ సున్నంతోనే తేలుతుంది. సీఏ(ఓహెచ్)₂లో అంకె బ్రాకెట్ బయట ఉంది కాబట్టి లోపలున్న ఓ, హెచ్ రెండిటికీ వర్తిస్తుంది. ఆక్సిజన్లు రెండు, హైడ్రోజన్లు రెండు. బ్రాకెట్ ఎగరగొట్టి సీఏఓహెచ్₂ అని రాస్తే ఆక్సిజన్ ఒక్కటే మిగిలి లెక్క 74 నుంచి 58కి పడిపోతుంది. పరీక్ష పేపర్లో ఇది అర మార్కు తప్పు. తొట్టిలో అయితే అలాంటి పదార్థమే లేదు.

ముందుండే పెద్ద అంకెకి, కింద ఉండే చిన్న అంకెకి ఉన్న తేడా ఇంకా ముఖ్యం. 2హెచ్₂ఓ అంటే రెండు నీటి అణువులు. కింది అంకెని ముట్టుకుంటే పదార్థమే మారిపోతుంది. సమీకరణాన్ని తుల్యం చేయమంటే చాలామంది చేసే పని ఒకటుంది. ఎడమవైపు హెచ్₂, ఓ₂ ఉన్నాయి, కుడివైపు హెచ్₂ఓ ఉంది, ఆక్సిజన్ ఒకటి తక్కువైంది. వెంటనే ఓ కింద ఒక 2 పెట్టేస్తారు. రెండు వైపులా సరిపోయిందని సంబరం. కానీ మంచినీళ్లు కాస్తా హెచ్₂ఓ₂, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ అయి కూర్చున్నాయి. పుండు కడిగితే నురగలు కక్కే ఆ మందు మెడికల్ షాపులో పలచగా చేసి సీసాల్లో అమ్ముతారు. దాహానికి తాగేది కాదు. తుల్యం చేసేటప్పుడు ముందు అంకెలే మార్చాలి, కింది అంకెల జోలికి వెళ్లకూడదు అన్న నియమం ఇందుకే.

అక్షరాల విషయంలో మాత్రం తెలుగు మనల్ని కాస్త ఇబ్బంది పెడుతుంది. మన లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. ఇంగ్లిష్ అక్షరాల్లో పెద్ద సీ పక్కన చిన్న ఓ రాస్తే కోబాల్ట్ అనే లోహం. రెండూ పెద్దవి రాస్తే కార్బన్ మోనాక్సైడ్, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ల ప్రాణం తీసే వాయువు. నోటితో చెబితే రెండూ 'సీఓ'నే. అందుకే ఒక గుర్తు ఎక్కడ మొదలవుతుందో పెద్దక్షరమే చెప్పాలి. ఈ నియమం చేతిరాత బాగుండాలని పెట్టింది కాదు.

సోడియంకి ఎన్ఏ ఎందుకు, ఇనుముకి ఎఫ్ఈ ఎందుకు అన్న విసుగు ప్రతి పిల్లాడికీ వస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1813, 1814 సంవత్సరాల్లో ఈ అక్షరాల పద్ధతి ప్రతిపాదించినప్పుడు లాటిన్ పేర్లను తీసుకున్నాడు. యూరప్‌లో ఒక్కో దేశం ఒక్కో పేరుతో పిలుస్తుంటే అందరికీ తెలిసిన పండిత భాష అదే మరి. నేట్రియం నుంచి ఎన్ఏ, ఫెర్రమ్ నుంచి ఎఫ్ఈ, సీసానికి ప్లంబమ్ నుంచి పీబీ వచ్చాయి. పైపులు బిగించేవాణ్ని ప్లంబర్ అనడం కూడా ఆ సీసం పైపుల చలవే. బెర్జీలియస్‌కి ముందు జాన్ డాల్టన్ గుండ్రటి బొమ్మలు వాడేవాడు, లోపల చుక్క పెడితే ఒక మూలకం, గీత పెడితే ఇంకొకటి. బొమ్మలు అచ్చు వేయడం కష్టం, అక్షరాలు సులువు. బెర్జీలియస్ అంకెల్ని పైన రాశాడు. 1834లో జర్మనీకి చెందిన లీబిగ్ వాటిని కిందికి దించాడు.

గుర్తులు రాయడం తేలికే. కింది అంకె ఎంతో తేల్చడానికి మాత్రం అర్ధ శతాబ్దం పట్టింది, అదీ నీళ్ల లాంటి మామూలు పదార్థానికి. డాల్టన్ 1808లో తన పుస్తకం వేసినప్పుడు నీటిని ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అనుకున్నాడు. హెచ్ఓ అన్నమాట. మూర్ఖత్వం కాదది. కాటా చెప్పేది ఒక్కటే: నీళ్లలో హైడ్రోజన్ ఒక వంతు, ఆక్సిజన్ ఎనిమిది వంతులు. హెచ్ఓ అనుకుంటే ఆక్సిజన్ పరమాణువు 8 బరువు. హెచ్₂ఓ అనుకుంటే 16 బరువు. రెండు లెక్కలూ తూకానికి సరిపోతాయి. ఫార్ములా తెలిస్తే పరమాణు భారం తెలుస్తుంది, పరమాణు భారం తెలిస్తే ఫార్ములా తెలుస్తుంది. పిచ్చి కుదిరితే పెళ్లి, పెళ్లయితే పిచ్చి కుదురుతుంది అన్న సామెత ఇంతకంటే బాగా ఇంకెక్కడా అతకదు.

ముడి విప్పే దారం అప్పటికే దొరికింది. రెండు సీసాల హైడ్రోజన్‌కి ఒక సీసా ఆక్సిజన్ కలిస్తే నీళ్లవుతాయని గేలుసాక్ చూపించాడు. ఒకే వేడి, ఒకే పీడనంలో సమానమైన సీసాల్లో ఏ వాయువైనా అణువుల సంఖ్య సమానమేనని 1811లో అవగాడ్రో అన్నాడు. రెండూ కలిపితే నీళ్లు హెచ్₂ఓ అని తేలిపోవాలి. కానీ అవగాడ్రో మాట నిజమవ్వాలంటే ఆక్సిజన్ వాయువులో రెండేసి పరమాణువులు జంటగా ఉండాలి. ఒకే జాతి పరమాణువులు ఒకదాన్నొకటి ఎందుకు పట్టుకుంటాయని ఆనాటి పెద్దలు ఒప్పుకోలేదు. ఫలితంగా ఎవరి ఫార్ములాలు వాళ్లవి. 1861లో కెకూలే తన పుస్తకంలో ఎసిటిక్ ఆసిడ్ ఒక్కదానికే 19 రకాల ఫార్ములాలు చూపించగలిగాడు. అంతకు ముందు ఏడాది సెప్టెంబర్‌లో జర్మనీలోని కార్ల్‌స్రూహ్ పట్టణంలో రసాయన శాస్త్రవేత్తలంతా కూర్చున్నది ఈ గందరగోళం తీర్చుకోవడానికే. సభలో ఏమీ తేలలేదు. వెళ్లిపోయేటప్పుడు ఇటలీకి చెందిన కానిజారో రాసిన చిన్న పుస్తకం చేతుల్లో పెట్టారు. అవగాడ్రో చెప్పినదాన్నే తీరుగా, లెక్కలతో వివరించిన పుస్తకమది. ఆ సభకి వచ్చిన కుర్రాళ్లలో మెండలీవ్ ఒకడు. సరైన పరమాణు భారాలు చేతికొచ్చాక, 1869లో ఆయన ఆవర్తన పట్టిక వేశాడు.

ఇంత చరిత్ర ఉన్న కింది అంకెను మన క్లాసుల్లో 'క్రిస్ క్రాస్' చేసి ఒక్క నిమిషంలో రాబడతారు. అల్యూమినియం సంయోజకత (వేరే పరమాణువులతో కలిసే సత్తా) 3, ఆక్సిజన్ సంయోజకత 2, అడ్డంగా మార్చి రాస్తే ఏఎల్₂ఓ₃. చిట్కా పనిచేస్తుంది, కాదనలేం. కానీ అది ఎందుకు పనిచేస్తుందో చెప్పకుండా ఇస్తే మెగ్నీషియం ఆక్సైడ్ దగ్గర ఎంజీ₂ఓ₂ అని రాసి వచ్చేస్తారు. అసలు విషయం జమాఖర్చు. అల్యూమినియం అయాన్ (విద్యుదావేశం ఉన్న పరమాణువు) మీద మూడు ధనావేశాలు, ఆక్సైడ్ మీద రెండు రుణావేశాలు. మొత్తం సున్నా అవ్వాలంటే ఆరుకి ఆరు కావాలి. మెగ్నీషియంకి రెండు, ఆక్సిజన్‌కి రెండు, ఒకటికొకటి చాలు.

ఈ జమాఖర్చు వచ్చినవాళ్లకి మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే పటిక ముక్క ఫార్ములా కూడా భయం పెట్టదు. కేఏఎల్(ఎస్ఓ₄)₂·12హెచ్₂ఓ. చూడ్డానికి బండి నంబరులా ఉంది. విడదీస్తే పొటాషియం ఒకటి, దాని మీద ఒక ధనావేశం. అల్యూమినియం ఒకటి, మూడు ధనావేశాలు. మొత్తం నాలుగు. సల్ఫేట్ గుంపులు రెండు, ఒక్కోదాని మీద రెండు రుణావేశాలు, అవీ నాలుగే. చెల్లుకి చెల్లు. చుక్క తర్వాత పన్నెండు నీటి అణువులు. ఇప్పుడు పరమాణువులు లెక్కపెడితే పొటాషియం 1, అల్యూమినియం 1, గంధకం 2, ఆక్సిజన్ సల్ఫేట్లలో 8, నీళ్లలో 12 కలిపి 20, హైడ్రోజన్ 24. మొత్తం 48. బరువు 474, అందులో నీళ్లు 216. చేతిలో గట్టిగా, పొడిగా ఉన్న పటిక ముక్కలో దాదాపు 46 శాతం నీళ్లే!

మధ్యలో ఉన్న ఆ చుక్కని గుణకారం అనుకునేవాళ్లున్నారు. 'దాంతోపాటు' అన్నదే దాని అర్థం. దీన్ని కళ్లారా చూడాలంటే రైతులకు బాగా తెలిసిన మైలుతుత్తం కావాలి. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తోటలకు కొడతారు. ఫార్ములా సీయూఎస్ఓ₄·5హెచ్₂ఓ. నీలం పలుకులు నాలుగు పరీక్షనాళికలో వేసి దీపం మీద పెడితే ముందు నాళిక పైభాగంలో, చల్లగా ఉన్న చోట, నీటి చుక్కలు పట్టుకుంటాయి. పొడిగా వేసిన పలుకుల్లోంచి నీళ్లెక్కడివని పిల్లలు తలలు దగ్గరికి పెడతారు. కాసేపటికి నీలం పోయి, బూడిద కలిసిన తెలుపులో పొడి మిగులుతుంది. చల్లారాక ఒక్క చుక్క నీళ్లు వేస్తే ఛస్ మని చప్పుడు, నాళిక వేడెక్కుతుంది, నీలం తిరిగొస్తుంది. చుక్క తర్వాత ఉన్న ఐదు నీళ్లు అవే, బరువులో 36 శాతం. ఆ ఐదూ ఒకే చోట లేవు. నాలుగు రాగిని పట్టుకుని ఉంటాయి, ఐదోది సల్ఫేట్ పక్కన ఒదిగి ఉంటుంది, అది ఊడి రావాలంటే 200 డిగ్రీలు దాటాలి. ఫార్ములాలో ఐదు అని రాస్తే సరిపోతుంది గానీ, ఎవరు ఎక్కడున్నారో ఆ ఐదు చెప్పదు.

వంటింట్లో కూడా ఈ లెక్క నడుస్తుంది. వంట సోడా ఎన్ఏహెచ్‌సీఓ₃, బరువు 84. వేడి చేస్తే రెండు కలిసి 168 లోంచి సీఓ₂ 44, నీళ్లు 18 పోయి 106 బరువున్న ఎన్ఏ₂సీఓ₃ మిగులుతుంది. అది నీళ్లు లేని చాకలి సోడా. బజ్జీల్లో సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుందని వంటగదిలో అంటుంటారు, ఆ మాటలో రసాయనికంగా నిజం ఉంది. పైగా వేడి ఒక్కటే పనిచేస్తే రెండు సోడాలకి ఒక్క సీఓ₂ వస్తుంది. పుల్ల పెరుగో నిమ్మరసమో తోడైతే ఒక్కోదానికి ఒక్కోటి వస్తుంది. అంటే 5 గ్రాముల సోడా వేడికి సుమారు 1.3 గ్రాముల వాయువు ఇస్తే, పులుపుతో 2.6 గ్రాములు ఇస్తుంది. పుల్లటి పిండికి చిటికెడు సోడా చాలని అమ్మమ్మలు ఊరికే అనలేదు.

ఉప్పు దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. ఎన్ఏసీఎల్ అనగానే ఒక సోడియం, ఒక క్లోరిన్ చేయి చేయి పట్టుకుని తిరిగే జంట అనిపిస్తుంది. ఉప్పు కల్లులో అలాంటి జంటలేవీ లేవు. ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు. ఎవరు ఎవరి జోడీ అంటే చెప్పలేం. ఇక్కడ ఫార్ములా చెప్పేది నిష్పత్తి మాత్రమే. దీనికి ఎదురు కేసు హెచ్₂ఓ₂, దాన్ని నిష్పత్తి చూసి హెచ్ఓ అని కుదించడానికి లేదు, ఎందుకంటే నాలుగు పరమాణువులు కలిసి నిజంగానే ఒక అణువు. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆసిడ్, గ్లూకోజు, ఫార్మాలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్, ఈ మూడింటినీ కుదిస్తే ఒకటే నిష్పత్తి: సీహెచ్₂ఓ. మూడింటిలోనూ కార్బన్ 40 శాతమే. కుదించని ఫార్ములాలు సీ₂హెచ్₄ఓ₂, సీ₆హెచ్₁₂ఓ₆, సీహెచ్₂ఓ. ఒకటి పచ్చడిలో వేస్తాం, ఒకటి సెలైన్‌లో ఎక్కిస్తారు, ఒకటి శవాలు పాడవకుండా వాడతారు.

ఫార్ములా చదవడం రావడం వల్ల డబ్బుతో ముడిపడ్డ లాభం ఎక్కడుందంటే ఎరువుల బస్తా మీద ఉంది. యూరియా ఫార్ములా సీఓ(ఎన్‌హెచ్₂)₂. బరువు 60, అందులో నత్రజని రెండు పద్నాలుగులు 28. శాతం 46.67. బస్తా మీద 46 అని వేసేది ఇదే. 45 కిలోల బస్తాలో నత్రజని 20.7 కిలోలు. ఇంతవరకు అంకె, ఫార్ములా ఒకే మాట చెబుతున్నాయి. డీఏపీ (డైఅమ్మోనియం ఫాస్ఫేట్) దగ్గరికి వచ్చేసరికి 18-46-0 అని ఉంటుంది, అంటే వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు, 46 భాస్వరం అంటారు. 50 కిలోల బస్తాలో 23 కిలోల భాస్వరం అన్నమాట. అది నిజం కాదు. ఆ అంకె పీ₂ఓ₅ అనే భాస్వరం ఆక్సైడ్ లెక్కలో వేసింది. పీ₂ఓ₅ బరువు 142, అందులో అసలు భాస్వరం 62. కాబట్టి 23 కిలోల్లో నికరమైన భాస్వరం 10 కిలోలే. మోసమేమీ లేదు, పాతకాలంలో విశ్లేషకులు ఫలితాలను ఆక్సైడ్‌లుగా చెప్పే అలవాటు చట్టాల్లోకి, బస్తాల మీదికి ఎక్కి అలాగే ఉండిపోయింది.

పొటాష్‌ది ఇంకా విడ్డూరం. ఎంఓపీ (మ్యూరియేట్ ఆఫ్ పొటాష్) బస్తా మీద పొటాష్ 60 శాతం అంటే కే₂ఓ లెక్కలో 60. లోపలున్నదేమో కేసీఎల్, అంటే పొటాషియం క్లోరైడ్. ఆ ఫార్ములాలో ఓ అన్న అక్షరమే లేదు. లేని ఆక్సిజన్ బరువు కూడా కలిపి లెక్క చెబుతున్నారన్నమాట. అసలు పొటాషియం సుమారు 50 శాతం. పోల్చుకోవడానికి అన్ని కంపెనీలూ ఒకే కొలత వాడినంత కాలం రైతుకి నష్టం లేదు. కానీ మట్టి పరీక్ష రిపోర్టులో ఒకచోట పీ అని, ఇంకోచోట పీ₂ఓ₅ అని ఉంటే రెంటినీ ఒకటే అనుకున్నవాళ్లు సగానికి పైగా తప్పుతారు. పీని పీ₂ఓ₅గా మార్చాలంటే 2.29తో గుణించాలి. అది గుర్తుపెట్టుకోనక్కర్లేదు, 142ని 62తో భాగిస్తే వస్తుంది.

యూరియా ఫార్ములాను సీహెచ్₄ఎన్₂ఓ అని కూడా రాయొచ్చు, లెక్క మారదు. అయినా మామూలుగా అలా రాయరు. కారణం తెలియాలంటే 1820లకు వెళ్లాలి. లీబిగ్ అప్పుడు పారిస్‌లో సిల్వర్ ఫల్మినేట్ మీద పనిచేస్తున్నాడు. కాస్త రాపిడి తగిలినా పేలిపోయే సరుకు అది. అదే కాలంలో వోలర్ అనే ఇంకో జర్మన్ యువకుడు సిల్వర్ సయనేట్‌ని విశ్లేషించాడు, అది పేలదు. ఇద్దరి అంకెలూ ఒకటే వచ్చాయి. వెండి ఒకటి, కార్బన్ ఒకటి, నత్రజని ఒకటి, ఆక్సిజన్ ఒకటి. ఒకే ఫార్ములాకి రెండు పదార్థాలు ఎలా ఉంటాయి, వోలర్ తప్పు చేసి ఉంటాడని లీబిగ్ అనుమానించాడు. మళ్లీ చేసి చూశారు. ఇద్దరూ కరెక్టే. ఆ తగాదాతో మొదలైన పరిచయం జీవితకాల స్నేహమైంది.

1828లో వోలర్ అమ్మోనియం సయనేట్ చేయబోతే చేతికి తెల్లటి స్ఫటికాలు వచ్చాయి. పరీక్షించి చూస్తే అవి మూత్రంలో ఉండే యూరియా. జంతువు లేకుండా, మూత్రపిండం లేకుండా యూరియా తయారైందని ఆయన బెర్జీలియస్‌కి ఉత్తరం రాశాడు. అమ్మోనియం సయనేట్‌లోనూ యూరియాలోనూ కార్బన్ ఒకటి, హైడ్రోజన్ నాలుగు, నత్రజని రెండు, ఆక్సిజన్ ఒకటి. ఒక్క పరమాణువు కూడా తేడా లేదు. ఇలాంటి జంటలకు 1830 ప్రాంతంలో బెర్జీలియస్ పెట్టిన పేరే ఐసోమర్లు.

అందుకే యూరియాను సీఓ(ఎన్‌హెచ్₂)₂ అని విడదీసి రాస్తారు: మధ్యలో ఆక్సిజన్‌ని పట్టుకున్న కార్బన్, దానికి అటూ ఇటూ రెండు ఎన్‌హెచ్₂ గుంపులు. రెండో దాన్ని ఎన్‌హెచ్₄ఓసీఎన్ అని రాస్తారు: ఒకవైపు అమ్మోనియం అయాన్, ఇంకోవైపు సయనేట్ అయాన్. బరువు చూస్తే రెండూ 60. నత్రజని చూస్తే రెంటిలోనూ 46.67 శాతం. బస్తా మీద 46 అంకె వేసి లోపల ఏది పోసినా, నత్రజని శాతం ఒక్కటే చూసే పరీక్షకి తేడా తెలియదు.